జపమాలలో పలికే మాట, ఇంట్లో పలకలేని మాట

అక్టోబరు జపమాల మాసమని మీకు తెలుసు. మా విచారణలో ఆ నెలంతా ప్రతి సాయంత్రం ఒక్కొక్క ఇంట్లో జపమాల చెప్పుకోవడం అలవాటు. మరియమాత స్వరూపాన్ని కొవ్వొత్తుల వెలుగులో ఒక ఇంటినుంచి మరో ఇంటికి తీసుకువెళతాం. గడిచిన అక్టోబరులో మా ఇంటి వంతు వచ్చిన రోజున ఇరవై మందికి పైగా వచ్చారు. జపమాల ముగిసింది. పాట కూడా పాడుకున్నాం. అందరికీ గుగ్గిళ్లు పంచుతుండగా అయిదో తరగతి చదివే మా చిన్న మనుమరాలు నా కొంగు పట్టుకుని గట్టిగా అడిగింది: "అమ్మమ్మా, గర్భఫలం అంటే ఏ పండు?"

గదిలో ఒక్క క్షణం నిశ్శబ్దం. తర్వాత ముసిముసి నవ్వులు. తొమ్మిదో తరగతి చదివే దాని అక్క తల దించుకుంది. ఇంటర్మీడియెట్ చదివే మా మనుమడు పక్కవాడి భుజం పొడిచి కిసుక్కున నవ్వాడు. మా అమ్మాయి వచ్చి, "ఏమే, పెద్దవాళ్ల ముందు ఏం మాటలవి? లోపలికి పో!" అని పిల్లను గదమాయించింది. చిన్నది ఏడుపు మొహంతో లోపలికి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లిపోయాక నాకు నిద్ర పట్టలేదు. మా అమ్మాయి పిల్లను గదమాయించింది ఏ మాటకు? అంతకు పది నిమిషాల ముందు తానూ, నేనూ, అక్కడున్న వాళ్లమంతా చేతులు జోడించి పలికిన మాటకు. అయిదు రహస్యాల జపమాలలో దేవదూత వందనం 53 సార్లు చెబుతాం. అంటే ఆ మాట 53 సార్లు దేవుని ముందు మన నోట వచ్చింది. ప్రార్థనలో పవిత్రమైన మాట, పిల్ల నోట ప్రశ్నగా వస్తే బూతు ఎలా అయింది? ఈ వారం మీతో ఆలోచించదలచిన ప్రశ్న ఇదే. మన పిల్లలకు, ముఖ్యంగా యుక్తవయసుకు వస్తున్న వారికి, స్త్రీ శరీరంలో దేవుడు ఏర్పరచిన సంతాన వ్యవస్థ గురించి చెప్పడం శీలానికి భంగమా, లేక చెప్పకపోవడమే తప్పా?

ముందుగా నా తప్పు ఒప్పుకుంటాను. నేను 31 సంవత్సరాలు ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెప్పాను. పదో తరగతిలో ప్రత్యుత్పత్తి పాఠం వచ్చిందంటే మందార పువ్వు తెప్పించి, నిలువునా కోసి, కేసరాలు, కీలం, అండాశయం ఒక్కొక్కటీ గంటసేపు చూపించేదాన్ని. ఆ తర్వాత మనిషి బొమ్మ ఉన్న పేజీ వచ్చేది. "ఇది మీరు ఇంట్లో చదువుకోండి, పరీక్షకు బొమ్మ ఒక్కటి నేర్చుకుంటే చాలు" అని పేజీ తిప్పేసేదాన్ని. మగపిల్లలు వెనక బెంచీల్లో నవ్వేవారు. ఆడపిల్లలు పుస్తకంలో మొహం దాచుకునేవారు. అలా చేయడం మర్యాద అనుకున్నాను. పువ్వు గురించి చెప్పడానికి లేని సిగ్గు దేవుని పోలికలో సృష్టింపబడిన మనిషి గురించి చెప్పడానికి ఎందుకు వచ్చిందో ఆనాడు నన్ను నేను అడగలేదు.

ఆ ప్రశ్న నాతో అడిగించింది మా పిన్ని. పూజ తప్పని మనిషి. ఆమెకు 58వ ఏట, బహిష్టులు ఆగిపోయి ఎన్నో ఏళ్లయ్యాక, మళ్లీ రక్తం కనబడింది. తొమ్మిది నెలలు ఎవరికీ చెప్పలేదు. రాత్రిపూట అందరూ పడుకున్నాక గుడ్డలు ఉతికి ఆరేసుకునేది. నడుము నొప్పి అంటే కోడలు మందు రాసేది. చివరకు కళ్లు తిరిగి పడిపోతే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సరు వచ్చి, అప్పటికే చుట్టూ పాకిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. "ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అని ఏడిస్తే ఆమె అన్న మాట నేను బతికినంత కాలం మరచిపోలేను. "ఏమని చెప్పనే? ఆ మాటలు నాకెవరు నేర్పారు?"

ఆలోచించండి. పన్నెండేళ్ల వయసులో "ఎవరికీ చెప్పకు" అని మనం నేర్పే మౌనం పన్నెండో ఏటితో ఆగిపోదు. అది పెళ్లిలోకి వెంట వస్తుంది, కాన్పు గదిలోకి వస్తుంది, యాభై ఎనిమిదో ఏట రక్తం కనబడిన రాత్రి కూడా వెంటే ఉండి నోరు నొక్కుతుంది.

ఇందులో ఒక వింత కూడా ఉంది. మన ప్రాంతంలో ఆడపిల్ల పెద్దమనిషి అయితే గుట్టుగా ఉంచుతామా? లేదు. పిల్లను చాప మీద కూర్చోబెట్టి బంధువులందరికీ కబురు పంపుతాం. చిమ్మిలి దంచి పెడతాం. మంచిరోజు చూసి పట్టులంగా కట్టించి, కుర్చీలో కూర్చోబెట్టి, పిల్ల ఫొటోతో వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టించి, మూడు వందల మందికి భోజనాలు పెడతాం. కతోలికులం కాబట్టి గురువులను పిలిచి ఆశీర్వాదం కూడా చేయిస్తాం. ఊరంతటికీ తెలిసింది. ఒక్క ఆ పిల్లకు మాత్రమే తన ఒంట్లో ఏం జరిగిందో ఎవరూ చెప్పలేదు! "ఇక మగపిల్లలతో ఆడకు, తలస్నానం అయ్యేదాకా దేనినీ ముట్టుకోకు" అన్న హుకుములు మాత్రం వినబడతాయి. తన శరీరం ఒక వేడుక అని కుర్చీ చెబుతుంది. తన శరీరం ఒక మైల అని చాప చెబుతుంది. ఈ రెంటిలో ఏది నిజమో పిల్లకు ఎవరు చెప్పాలి?

"కానీ టీచరమ్మగారూ, మన శ్రీసభ లజ్జను, శీలాన్ని కాపాడుకోమంటుంది కదా?" అని మీరు అడగవచ్చు. నిజమే. లజ్జ గొప్ప సుగుణం. కానీ లజ్జ వేరు, దాపరికం వేరు. మీ దేవాలయాన్నే తలచుకోండి. పీఠం వెనుక దివ్యసత్ప్రసాదం ఉంచే మందసానికి తెర వేస్తాం, తాళం వేస్తాం, పక్కన దీపం వెలిగిస్తాం. ఎందుకు? లోపల ఉన్నది సిగ్గుపడవలసినదనా? కాదు, అమూల్యమైనదని. అలాగని లోపల ఏముందో పిల్లలకు చెప్పకుండా ఉంటామా? ఎనిమిదేళ్ల పిల్లకు కూడా మొదటి సత్ప్రసాదానికి ముందే నెలల తరబడి కూర్చోబెట్టి నేర్పుతాం. లోపల ఎవరున్నారో తెలుసు గనుకనే ఆ పిల్ల మోకరిల్లుతుంది. చెప్పకపోతే దానికి అదొక పెట్టె మాత్రమే. తెర వేసేది గౌరవంకొద్దీ. ఆ గౌరవం కలగాలంటే లోపలిది ఏమిటో తెలియాలి. శరీరం విషయంలో కూడా అంతే. బట్ట కప్పుకోవడం నేర్పుతాం, సరే. ఎందుకు కప్పుకోవాలో చెప్పకపోతే పిల్ల నేర్చుకునేది లజ్జ కాదు, తన మీద తనకు అసహ్యం.

మరియమాతనే చూడండి. ఆమెకంటే నిర్మలమైన కన్య ఎవరు? అయినా మంగళవార్త సమయంలో గాబ్రియేలు దూత నీవు గర్భం ధరిస్తావని చెప్పగానే ఆమె అడిగిన ప్రశ్న లూకా సువార్త 1వ అధ్యాయం 34వ వచనంలో ఉంది. తాను పురుషుని ఎరుగని దానను గనుక ఇది ఎలా జరుగుతుందని ఆమె అడిగింది. అంటే బిడ్డలు ఎలా కలుగుతారో ఆమెకు తెలుసు! తెలియడం ఆమె కన్యాత్వానికి మచ్చ కాలేదు. పైగా తెలిసినందువల్లనే దేవుడు చేయబోయే పని ఎంత గొప్పదో ఆమె గ్రహించగలిగింది, తెలివితో సమ్మతించగలిగింది. దూత కూడా ఆమెను గదమాయించలేదు, సమాధానం చెప్పాడు. నిర్మలత్వం వేరు, అజ్ఞానం వేరు అనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఇది నేటి కాలపు పోకడ అని కొందరు అంటారు. కాదు. 2వ శతాబ్దం చివరిలో అలెగ్జాండ్రియా నగరంలో క్రైస్తవులకు బోధించిన క్లెమెంతు ఈ విషయమే రాశాడు. గర్భధారణకు సంబంధించిన అవయవాలను సృష్టించడానికి దేవుడు సిగ్గుపడలేదు గనుక వాటి పేరు చెప్పడానికి మనం సిగ్గుపడనక్కరలేదని ఆయన భావం.

ఇక మైల సంగతి. లేవీయకాండం 15వ అధ్యాయంలో బహిష్టు అయిన స్త్రీ ఏడు రోజులు అశుద్ధురాలన్న నియమం ఉంది. ఆ పాత ధర్మంలో పెరిగిన ఒక స్త్రీ, 12 ఏళ్లుగా రక్తస్రావంతో బాధపడుతూ, జనసమూహంలో దొంగచాటుగా యేసు ప్రభువు వస్త్రపు అంచు ముట్టుకుంది. ప్రభువు ఆమెను తప్పుపట్టారా? "నన్ను మైలపరచావు" అన్నారా? లేదు. ఆగారు, వెనుదిరిగారు, ఆమె తన సంగతి అందరి ఎదుట చెప్పేదాకా నిలిచారు, ఆ తర్వాత ఆమెను కుమార్తె అని పిలిచారు. దొంగచాటుగా వచ్చిన స్త్రీని తల ఎత్తుకుని పంపించారు. అదే ప్రయాణంలో ఆయన చేయి పట్టి లేపిన యాయీరు కూతురి వయసు ఎంతో గుర్తుందా? 12 సంవత్సరాలు. మన ఇళ్లలో చాప మీద కూర్చునే పిల్లల వయసు.

అయినా నేటికీ కొందరు అక్కచెల్లెళ్లు ఆ రోజుల్లో పూజకు రారు. వచ్చినా సత్ప్రసాదం లోకొనకుండా వెనక నిలబడిపోతారు. 601వ సంవత్సరంలోనే మహా గ్రెగోరి పోపుగారు ఇంగ్లండులో వేదబోధ చేస్తున్న కాంటర్‌బరీ అగస్తీనుగారికి పంపిన జవాబుల్లో ఈ ప్రశ్నకు తీర్పు చెప్పారు. బహిష్టు స్వభావసిద్ధమైనది, దోషం కాదు గనుక ఆ రోజుల్లో స్త్రీని దేవాలయంలోకి రావద్దనకూడదు, సత్ప్రసాదాన్ని వద్దనకూడదు అన్నారు. దానికి ఆయన చూపిన ఆధారం ప్రభువు వస్త్రం ముట్టుకున్న ఆ స్త్రీయే. తన భక్తికొద్దీ ఎవరైనా తానుగా ఆగితే అది వేరు, ఆపే హక్కు మాత్రం ఎవరికీ లేదని ఆయన మాటల సారం. పద్నాలుగు వందల ఏళ్ల కిందటి ఈ సమాధానం మన ఆడపిల్లల్లో ఎంతమందికి చెప్పాం?

మన గడ్డ మీద జరిగిన ఒక సంగతి కూడా చెప్పాలి. ఆస్ట్రేలియా దేశంలో 1887లో పుట్టిన డాక్టర్ మేరీ గ్లౌరీ మెల్బోర్న్ నగరంలో పేరున్న వైద్యురాలు. పరాయి మగవాడైన డాక్టరు తాకరాదన్న కట్టుబాటు వల్ల భారతదేశంలో స్త్రీలు వైద్యం అందక చనిపోతున్నారని 1915లో ఒక చిన్న పుస్తకంలో చదివి ఆమె కదిలిపోయారు. 1920లో గుంటూరు చేరి, యేసు మరియ జోసఫు సభలో మఠకన్య అయ్యారు. పోపుగారి ప్రత్యేక అనుమతితో వైద్యం కొనసాగించారు. 1957లో మరణించేవరకు ఆమె ఈ దేశాన్ని విడిచిపెట్టలేదు. మఠకన్యలు ప్రసూతి వైద్యం చేయరాదన్న పాత కట్టడి అప్పట్లో ఉండేది. అది వారి శీలానికి తగదని భావించేవారు. 1936లో రోము ఆ కట్టడిని సడలించింది. తల్లుల ప్రాణాలు పోతుంటే మర్యాద పేరుతో దూరంగా నిలబడడం ప్రేమ కాదని శ్రీసభ గ్రహించింది. శ్రీసభే ఆ అడుగు వేయగలిగినప్పుడు, మన వంటింట్లో మన పిల్లతో నాలుగు మాటలు మాట్లాడడానికి మనకేం అడ్డు?

ఈ విషయంలో శ్రీసభ బోధ స్పష్టంగానే ఉంది. రెండవ వాటికన్ మహాసభ 1965లో క్రైస్తవ విద్య గురించి వెలువరించిన ప్రకటనలో, పిల్లలకు వయసుకు తగినట్టు వివేకంతో కూడిన లైంగిక శిక్షణ ఇవ్వాలని చెప్పింది. 1981లో పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు కుటుంబాన్ని గురించి రాసిన పత్రంలో ఇది మొట్టమొదట తల్లిదండ్రుల హక్కు, బాధ్యత అన్నారు. బడిలో నేర్పినా తల్లిదండ్రుల ఎరుకతోనే జరగాలన్నారు. 1995లో రోములోని కుటుంబ విభాగం తల్లిదండ్రులకు మార్గదర్శకంగా ఒక పత్రమే విడుదల చేసింది. 2016లో ఫ్రాన్సిస్ పోపుగారు కుటుంబ ప్రేమ గురించి రాసిన లేఖలో ఒక అధ్యాయాన్ని పిల్లల పెంపకానికి కేటాయించి, అందులో ఈ శిక్షణ అవసరాన్ని మళ్లీ గుర్తుచేశారు. కాబట్టి "మన మతం వద్దంటుంది" అన్నది మన సాకు, శ్రీసభ మాట కాదు.

మరి చెబితే లేనిపోని కోరికలు పుడతాయన్న భయం? ఆ భయాన్ని నేను తీసిపారేయను. శరీరాన్ని ఒక యంత్రంలా చూపించి, ప్రేమ, వివాహం, బాధ్యత అన్న మాటే లేకుండా చెప్పే చదువు పిల్లలకు మేలు చేయదు. శ్రీసభ హెచ్చరించేది కూడా దాని గురించే. కానీ ఆ రోజు కిసుక్కున నవ్విన మా మనుమడిని గుర్తుచేసుకోండి. వాడికి ఆ మాట తెలుసు. ఎవరు చెప్పారు? వాళ్ల నాన్న కాదు, నేను కాదు, ఉపదేశిగారు కాదు. చేతిలోని ఫోను చెప్పింది. మనం మౌనంగా ఉంటే పిల్లవాడు తెలుసుకోకుండా ఉండడు, మన దగ్గర తెలుసుకోడు, అంతే. మొదటి మాట ఎవరు చెబుతారో వారే ఆ మాటకు రంగు వేస్తారు. తల్లి నోట వింటే అది జీవం. వెకిలి బొమ్మలో చూస్తే అది ఆడదాన్ని చులకన చేసే సరుకు.

"పెళ్లికి ముందు విచారణలో తరగతులు పెడతారు కదా, అప్పుడు తెలుస్తుందిలే" అంటారు మరికొందరు. ఇరవై రెండేళ్లకు చెప్పేది పన్నెండేళ్ల పిల్లకు వచ్చిన భయాన్ని తీరుస్తుందా? ఇంకొక మాట, చెప్పడానికి కష్టమైనదే. తన శరీర భాగాలకు పేరు తెలియని పిల్ల, ఎవరైనా చెడుగా తాకితే ఏమని చెప్పుకుంటుంది? ఇల్లయినా, బడయినా, దేవాలయ ఆవరణ అయినా, దుర్మార్గుడికి పిల్లల మౌనమే ఆసరా. పిల్లల రక్షణకు 2012లో పోక్సో చట్టం వచ్చింది. కానీ నోరు విప్పని బిడ్డను ఏ చట్టం కాపాడగలదు?

సరే, ఏం చెప్పాలి? పెద్ద ఉపన్యాసం అక్కరలేదు. అమ్మాయికి తొమ్మిది, పదేళ్లు వచ్చేసరికి, రక్తం కనబడకముందే, పప్పు ఏరుకుంటూనో జడ వేస్తూనో తల్లి ఇలా మొదలుపెట్టవచ్చు.

"అమ్మలూ, నీ బొడ్డుకు కింద, లోపల, చిన్న సంచి ఒకటి ఉంది. దాని పేరు గర్భాశయం. తలకిందులు చేసిన జామకాయలా ఉంటుంది. పెద్దయ్యాక కూడా ఏడెనిమిది సెంటీమీటర్లే, కానీ బిడ్డ పెరిగితే దానితోపాటు సాగుతుంది. దానికి అటొకటి, ఇటొకటి బాదం గింజంత అండాశయాలు ఉన్నాయి. వాటినుంచి గర్భాశయానికి రెండు సన్నని గొట్టాలు. నువ్వు పెద్దవుతున్నప్పుడు నెలకు దాదాపు ఒకసారి ఒక అండం బయటికి వస్తుంది. బిడ్డ వస్తుందేమోనని గర్భాశయం లోపల రక్తంతో మెత్తని పరుపు పరచుకుంటుంది. బిడ్డ రాకపోతే ఆ పరుపు కరిగి యోని మార్గంలో బయటికి వస్తుంది. అదే బహిష్టు. అది చెడు రక్తం కాదు, దెబ్బ కాదు, జబ్బు కాదు. మూత్రం వచ్చే దారి వేరు, ఇది వచ్చే దారి వేరు. నీకు వచ్చిన రోజు భయపడకు. నాతో చెప్పు."

ఇంతే. దీనికి అయిదు నిమిషాలు చాలు. తర్వాత పిల్లే అడుగుతుంది. ఒక ఆశ్చర్యం కూడా చెప్పండి. ఆడపిల్ల అండాలు ఆమె పుట్టకముందే, తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి. పుట్టేనాటికి 10 నుంచి 20 లక్షలు ఉంటాయి, ఈడేరేనాటికి మూడు నాలుగు లక్షలు మిగులుతాయి, జీవితకాలంలో విడుదలయ్యేవి 400 లేదా 500 మాత్రమే. అంటే మీ అమ్మాయిగా మారిన అండం, మీరు మీ అమ్మ కడుపులో ఉన్నప్పుడే అక్కడ ఉంది! మూడు తరాలు ఒకే గర్భంలో. కీర్తనకారుడు తనను తల్లి గర్భంలో దేవుడే నేసినట్టు ఎందుకు తలచుకున్నాడో అప్పుడు పిల్లకు అర్థమవుతుంది.

పదమూడు, పద్నాలుగేళ్లకు లెక్క నేర్పండి. ఒక బహిష్టు మొదటి రోజునుంచి తర్వాతి దాని మొదటి రోజుకు యుక్తవయసులో 21 నుంచి 45 రోజుల వరకు తేడా ఉండవచ్చు. మొదటి రెండు మూడేళ్లు క్రమం తప్పడం సహజం. క్యాలెండరులో చుక్క పెట్టుకోమనండి. ప్యాడు నాలుగైదు గంటలకోసారి మార్చుకోవాలి. గుడ్డలు వాడితే సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. మంచం కింద చీకట్లో దాచవద్దు. తోటకూర, మునగాకు, పప్పు, గుడ్డు పెట్టండి. బడిలో ఇచ్చే ఐరన్ మాత్ర మింగమనండి. 15 ఏళ్లు నిండినా మొదలుకాకపోతే, ఏడు రోజులు దాటినా ఆగకపోతే, గంటకొక ప్యాడు తడిసిపోతే, నొప్పికి ప్రతి నెలా బడి మానవలసి వస్తే డాక్టరుకు చూపించండి. ముఖద్వారపు క్యాన్సరు రాకుండా 9 నుంచి 14 ఏళ్ల అమ్మాయిలకు వేసే టీకా గురించి అడగండి. తల్లులారా, బహిష్టులు ఆగిపోయాక ఒక్క చుక్క రక్తం కనబడినా ఆ వారంలోనే ఆసుపత్రికి వెళ్లండి. మా పిన్ని కోసం ఈ మాట రాస్తున్నాను.

పదిహేనేళ్ల తర్వాత మిగిలిన సంగతి: స్త్రీ పురుషుల కలయిక, గర్భధారణ, అది వివాహమనే దివ్యసంస్కారంలో జీవితాంతపు మాటకు ఎందుకు కట్టుబడి ఉండాలి అన్నది. శరీరం గురించి నిజం చెప్పిన తల్లిదండ్రుల మాటనే పిల్లలు ఈ విషయంలోనూ నమ్ముతారు.

ఇక తండ్రులారా, ఇది ఆడవాళ్ల వ్యవహారమని లేచిపోకండి. అబ్బాయికి ఇవన్నీ మీరు చెప్పాలి. అక్కకు ఒంట్లో బాగాలేని రోజున బిందె తాను మోయాలని, దుకాణంలో ప్యాడ్లు అడగడం చిన్నతనం కాదని, తరగతిలో అమ్మాయి బట్టలకు మరక అంటితే నవ్వేవాడు మగవాడు కాదని చెప్పాలి. పుట్టేది ఆడో మగో నిర్ణయించేది తండ్రినుంచి వచ్చే కణమేనని కూడా చెప్పండి. ఆడపిల్ల పుట్టిందని కోడలిని ఆడిపోసుకునే ఇళ్లు మన విచారణల్లో లేవా? ఆ పాపం తీరాలంటే ఈ పాఠం అబ్బాయిలు కూడా చదవాలి.

ఆ అక్టోబరు రాత్రి మర్నాడు నేను చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాను. 31 ఏళ్లు దాటవేసిన పాఠం మొదటిసారి ఒక పిల్లకు పూర్తిగా చెప్పాను. పెద్దది గడప దగ్గర నిలబడి వింది. కాసేపటికి లోపలికి వచ్చి కూర్చుంది. "గర్భఫలం అంటే పండు కాదమ్మా. యేసయ్య మరియమ్మ గర్భఫలం. నువ్వు మీ అమ్మ గర్భఫలానివి" అన్నాను. చిన్నది చాలాసేపు ఆలోచించి, "మంచి మాటే కదా అమ్మమ్మా, మరి నన్ను లోపలికి పొమ్మన్నారెందుకు?" అని అడిగింది.

దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పయిందమ్మా అన్నాను. గడప అవతల వింటున్న మా అమ్మాయి కూడా వచ్చి దాన్ని ఒళ్లోకి తీసుకుంది.

ప్రియమైన తల్లిదండ్రులారా, ఈ సాయంత్రం మీ ఇంట్లో జపమాల చెబుతారు కదా. ఆ మాట దగ్గరికి వచ్చినప్పుడు ఒక్కసారి మీ పిల్లల మొహాల్లోకి చూడండి. ఆ మాటకు అర్థం వాళ్లకు తెలుసా? తెలిస్తే, ఎవరు చెప్పారు? తెలియకపోతే, రేపటిదాకా ఆగకండి.